సైజత్తయ్యకు సన్మానం

సైజత్తయ్య తనకోసం కొనుక్కున్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి ఆవిడకి సరిపోయిన పాపాన పోలేదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, చుట్టాలందరూ కళ్ళారా చూసిన సంగతి. చెప్పులు కొంటే మడమ బయట వేలాడుతుంది, లేదా చెప్పు ముందు వెళ్ళిపోయి అత్తయ్య వెనక వస్తుంది. స్వెట్టరు కొంటే అందులో ఆవిడతో పాటు ఇంకొకరు కాపురం పెట్టొచ్చు. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆవిడ సైజత్తయ్య.

పోనీ కొలతలు తెలియని మనిషా అంటే, ఆవిడ వృత్తే కొలతలు. ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రి వర్క్‌షాపులో, ఒక కాలు పొట్టిగా ఒక కాలు పొడుగ్గా ఉన్న పిల్లలకి బూట్లు తయారుచేసింది. పిల్లవాడు గుమ్మం దాటి నాలుగడుగులు వేసేలోపే, "ఎడమకాలికి ముప్పావు అంగుళం ఎత్తు, మడమ దగ్గర మెత్త" అనేసేది. తరవాత టేపు పెట్టి చూస్తే గోరంత తేడా ఉండేది కాదు. అలాంటి మనిషి బజారుకెళితే ఏమయ్యేదో దేవుడికే తెలియాలి.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. మా అక్క కోసమే పుట్టిందా సామెత," అనేవాడు ఆవిడ తమ్ముడు.

ఆ తమ్ముడి కూతురు, అంటే అత్తయ్యకి మేనకోడలు, చిన్నప్పటి నుంచీ ఈ కొనుగోళ్ళకి సంచీ మోసిన సాక్షి. ఒకసారి చెప్పుల కొట్లో జరిగిన గొడవ ఆ అమ్మాయి ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

"అమ్మా, మీ కాలు ఆరు. ఇవి తొమ్మిది," అన్నాడు కొట్టాయన.

"ముప్ఫయ్యేళ్ళు బూట్లు చేశాను. నాకా చెబుతున్నావు?"

"అది కాదమ్మా, ఇవి మగవాళ్ళవి కూడానూ!"

"చెప్పుకి మగేంటి, ఆడేంటి? కట్టు!"

ఇంటికొచ్చి, అవి వేసుకుని హాల్లో మూడడుగులు వేసి, నాలుగో అడుగుకి గోడ పట్టుకుంది. "దగా చేశాడే వెధవ!"

"బిల్లు ఇవ్వు అత్తయ్యా, నేను మార్చుకొస్తా."

"బిల్లా? దారిలో ఎగిరిపోయింది."

ఆవిడ బిల్లులన్నీ దారిలోనే ఎగిరిపోయేవి. ఆకు కదలని రోజున కూడా ఎగిరిపోయేవి. ఆ సాయంత్రం మెట్లు కడగడానికి వచ్చిన మనిషిని ఆపి, "ఏమయ్యా, ఇవి నా నెత్తిన పడ్డాయి. నీకు పడతాయేమో చూడు. లేదంటే చెత్తలో పారెయ్, నాకు అడ్డం," అంది. అతనికి సరిగ్గా సరిపోయాయి. "పీడా వదిలింది," అని అత్తయ్య తలుపేసుకుంది.

ఇంకోసారి, ఒంటి మనిషి, పదిలీటర్ల కుక్కరు మోయించుకొచ్చింది.

"అక్కా, పటాలం ఏమన్నా భోజనానికొస్తోందా?" అన్నాడు తమ్ముడు.

"డబ్బా మీద బొమ్మ చిన్నగానే ఉందిరా!"

ఆ కుక్కరు పొయ్యి మీద పట్టక, అలమరలో పట్టక, చివరికి ఎదురింట్లో కొత్తగా భోజనం క్యారేజీలు పంపడం మొదలుపెట్టిన ఆవిడకి చేరింది. మేనకోడలు కాలేజీలో చేరిన ఏడాది, తండ్రికి ఉద్యోగం పోయిన ఏడాది అన్నమాట, అత్తయ్య తనకోసమని ఆరు డ్రెస్సులు కుట్టించుకుంది. అన్నీ బిగుతే. "ఆ టైలరుకి కళ్ళు పోయాయి. నా ఖర్మ. నువ్వు తొడుక్కుంటావో, పొయ్యిలో పెడతావో!" అని మూట తెచ్చి మేనకోడలి మంచం మీద పడేసింది. మేనకోడలు మూడేళ్ళూ వాటినే వేసుకుని, అత్తయ్య తెలివితక్కువతనాన్ని తలుచుకుని మూడేళ్ళూ నవ్వుకుంది.

ఇలా ఉండగా పరదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అత్తయ్య పదమూడో ఏటి దాకా పెరిగింది అక్కడే. వాళ్ళ నాన్న అక్కడ బట్టలకి రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. ఆవిడ చదివిన బడికి డెబ్బయ్యైదేళ్ళు నిండాయట. పిల్లల కాళ్ళకి ఇంత సేవ చేసిన పాత విద్యార్థినికి సన్మానం చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ రాసింది.

"నేను పోను," అంది అత్తయ్య.

తమ్ముడు బతిమాలాడు. పోనంది. మేనకోడలు బతిమాలింది. చచ్చినా పోనంది. ఇంతలో రెండో ఉత్తరం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆ సభలో పదకొండుమంది పేదపిల్లలకి ముఖ్య అతిథి చేతుల మీదుగా వానాకాలం బూట్లు ఇప్పిస్తారని అందులో ఉంది. అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"టికెట్లు తియ్యి," అంది మేనకోడలితో.

తమ్ముడు కూతుర్ని పక్కకి పిలిచాడు. "నువ్వు కూడా వెళ్ళవే తల్లీ. వాళ్ళిచ్చే జ్ఞాపిక సైజు కుదర్లేదని అక్కడే గొడవపెట్టి పరువు తీస్తుంది."

సభకి ముందురోజు ఇద్దరూ అత్తయ్య పెరిగిన ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. లాండ్రీ కొట్టు మీద రెండు గదులు. తలుపు తీసింది ఒక బస్సు డ్రైవరమ్మ, ఒంటిమీద ఇంకా యూనిఫారమే ఉంది. ఆ దేశపు భాష అత్తయ్యకి తుప్పుపట్టినా, దెబ్బలాటకి సరిపడా మిగిలింది.

"ఈ గది ఇంత చిన్నది కాదు! సగం ఎవరు కోసుకుపోయారు?"

"నేను వచ్చేసరికే ఇంతుందమ్మా," అంది డ్రైవరమ్మ, నేరం తన మీదకి రాకుండా.

"కిటికీ కూడా సైజు మార్చేశారు."

"అత్తయ్యా, పద," అని మేనకోడలు చెయ్యి లాగింది.

దిగేటప్పుడు అత్తయ్య మెట్ల కింద చీకటి మూల దగ్గర ఆగింది. వంగి, అక్కడి గోడ తడిమింది.

"ఏం దాచావు ఇక్కడ?"

"బూట్లు." అత్తయ్య కింది మెట్టు మీద కూర్చుంది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ బళ్ళో స్టేజి మీద స్టూలు వేసి కూర్చోపెట్టారే. పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ బూట్లు తొడిగారు. మైకులో థాంక్స్ చెప్పమన్నారు. నాకు నోరు పెగల్లేదు. మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారికి ఏడుస్తూ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు."

మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"మంచి బూట్లే. అతికినట్టున్నాయి. కానీ అవి వేసుకుని నడుస్తుంటే ఎవడో ఒకడు, 'అవి ఇచ్చిన బూట్లు' అనేవాడు. అందుకని రోజూ ఇక్కడ విప్పేసి, పాత చిరుగుల జోళ్ళతో పోయేదాన్ని. కాళ్ళు కొంకర్లు పోయేవి. మా అమ్మకి తెలిస్తే చంపేసేది." అత్తయ్య లేచి చీర దులుపుకుంది. "రేపు పదకొండుమందిని ఆ స్టూలెక్కిస్తారు. నా చేత్తో."

"మరి వద్దని చెప్పేద్దాం."

"చెబితే బూట్లు కూడా ఆగిపోతాయేమో! బూట్లు వాళ్ళ కాళ్ళకి చేరాలి. స్టూలెక్కకుండా చేరాలి. నాకు ఇంకేం అక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే అత్తయ్య బడి వరండాలో, పిల్లలు బురద జోళ్ళు విడిచే బల్ల మీద చేరగిలబడింది. లోపలికి రమ్మంటే, "కాళ్ళు నొప్పులమ్మా, కాసేపు కూర్చోనీ," అంది. కూర్చుని, వచ్చే పిల్లలందరి కాళ్ళూ చూసింది. వేళ్ళు ముడుచుకుని నడిచేవాళ్ళు, మడమ తొక్కేసి నడిచేవాళ్ళు, మేజోళ్ళు తడిసినవాళ్ళు. పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

పదింటికి హెడ్‌మిస్ట్రెస్ అత్తయ్యనీ మేనకోడలినీ స్టేజి మీదకి తీసుకెళ్ళింది. ఆవిడ మంచి మనిషే, ఊపిరాడని పనిలో ఉంది. బల్ల మీద పదకొండు జతల బూట్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క జతకి పేరు రాసిన చీటీ కట్టి ఉంది. పక్కనే స్టూలు.

"మీరు పేరు చదువుతారు, పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటారు, బూట్లు తొడుగుతాం, మైకులో రెండు ముక్కలు చెబుతారు, ఫొటో. బడి పుట్టినప్పటి నుంచీ ఇంతే," అంది హెడ్‌మిస్ట్రెస్.

"తెలుసు," అంది అత్తయ్య. ఒక బూటు తీసింది. వంచింది, వాసన చూసింది, అడుగున గోటితో కొట్టింది. మొహం చిట్లించింది. "ఇవి ఎవరు కొలిచారు?"

"క్లాసు టీచర్లూ, నేనూ కలిసి కొలిచాం. ఏం?"

"అయ్యయ్యో! ఒక్కటీ సరిగ్గా లేదు."

"అదేంటి!"

"ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో చెబుతున్నా. స్టేజి మీద ఒక్క కాలూ దూరదు. అంతమంది ముందు మీరు తొయ్యడం, పిల్ల మూలగడం. పేపరువాళ్ళు కూడా వస్తున్నారు కదూ?"

హెడ్‌మిస్ట్రెస్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఈలోపు అత్తయ్య సంచీలోంచి చిన్న కత్తెర తీసి టకటకా చీటీలన్నీ కత్తిరించేసింది.

"ఏం చేస్తున్నారు!"

"తప్పు పేర్లు ఉంచకూడదు, గందరగోళం. ఏదీ, ఆ లిస్టు ఓసారి ఇటివ్వండి." లిస్టు తీసుకుని, చూడనైనా చూడకుండా సంచీలో పడేసి జిప్పు లాగింది. "సరుకు వెనక్కి పోతుందా?"

"పోదు, కానీ..."

"పోదు కదా! అయితే వరండాలో గుట్టగా పోయించండి. తప్పు సైజులొచ్చాయి, ఎవరికి పడితే వాళ్ళు పట్టుకుపోయి చోటు ఖాళీ చెయ్యండి అని చెప్పించండి. నేను దగ్గరుండి చూసుకుంటాను."

మేనకోడలు చేతులు జోడించినంత పనిచేసింది. "ఏమనుకోకండి మేడమ్, మా అత్తయ్యకి సైజుల విషయంలో మొదట్నుంచీ కాస్త..."

"కాస్త ఏంటే? పూర్తిగానే!" అంది అత్తయ్య, రెండు జతలు చంకలో పెట్టుకుని ముందు నడుస్తూ.

బడిలో ఉన్న పిల్లలందరూ వరండాలోకి వచ్చిపడ్డారు. ఊరికే వచ్చే బూటంటే ఎవరికి సరదా ఉండదు? డాక్టరుగారబ్బాయి ఒక జత లాక్కున్నాడు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. "నీ పాదం వెడల్పు, బాబూ. ఇవి కరుస్తాయి. విప్పు!" మరో పిల్ల తళతళలాడే కొత్త బూట్ల మీద ఇవి తొడగబోయింది. "నీకు వదులు. వదిలెయ్!" అందరికీ ఏదో ఒక వంక. చుట్టూ నవ్వులు, తోపులాట. మధ్యమధ్యలో, గోడ వారగా నించున్న ఒకరిని కేకేసేది. "ఇదుగో నిన్నే! ఈ జత ఎవరికీ పట్టక నా ప్రాణం తీస్తోంది. నీకు పడుతుందేమో చూడు. లేదంటే చెత్తలో పారెయ్, నాకు అడ్డం."

ఆ మాట చెవిన పడగానే మేనకోడలు ఉన్నచోటే ఆగిపోయింది. మెట్లు కడిగే మనిషి, ఎదురింటి క్యారేజీలావిడ వరసగా గుర్తొచ్చారు. ఆ తరవాత ఆరు డ్రెస్సులు గుర్తొచ్చాయి. అత్తయ్య జన్మలో డ్రెస్సు తొడుక్కోలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చీరే. ఇంత చిన్న సంగతి ఇంతమంది చుట్టాల్లో ఒక్కరి బుర్రకీ తట్టలేదు. మేనకోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"అక్కడ నిలబడి దిక్కులు చూస్తావేంటే? ఆ రెండో జత ఇటు అందుకో!" అని అరిచింది అత్తయ్య.

మేనకోడలు అందించింది. మెల్లగా అత్తయ్య సంచీలోంచి లిస్టు తీసి చూసింది. పదకొండు పేర్లు. బూట్లు పట్టుకెళ్ళినవాళ్ళని ఒక్కొక్కరినీ నీ పేరేంటని అడిగి చూసుకుంది. పదకొండుకి పదకొండూ సరిగ్గా చేరాయి.

సభ జరిగింది. స్టూలు మీద ఎవరో పూలకుండీ పెట్టారు. అత్తయ్యకి చేటంత చెక్క జ్ఞాపిక ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, మైకులోనే, "దీన్లో చిన్న సైజు లేదా?" అంది. హాలంతా పగలబడి నవ్వింది. సన్మానగ్రహీత ప్రసంగం అంతటితో సరి.

కిందకి దిగాక హెడ్‌మిస్ట్రెస్ దగ్గరకొచ్చింది. పిల్లలందరూ గుంపుగా బయటకి పోతున్నారు. ఏవి ఇచ్చిన బూట్లో, ఏవి కొన్న బూట్లో చెప్పడం కష్టంగా ఉంది.

"నేనూ స్వయంగా కొలిచాను ఆ కాళ్ళని," అంది ఆవిడ నెమ్మదిగా. "తప్పు రావడానికి వీల్లేదు."

అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"వచ్చే ఏడాది కూడా సైజులు తప్పుగా తెప్పించమంటారా?"

"తప్పకుండా," అంది అత్తయ్య. "బిల్లు మాత్రం పారేయండి."

అంతలో ఒక పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో, దబదబా నడుచుకుంటూ వచ్చి అత్తయ్య ముందు నిలబడింది. పొద్దున వేళ్ళు ముడుచుకుని నడిచింది ఆ పిల్లే. మేనకోడలికి భయం వేసింది, థాంక్స్ చెబుతుందేమో, అత్తయ్య ఎలా తట్టుకుంటుందోనని.

"ఈ బూట్లు తెప్పించింది మీరేనా?" అంది పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఆఁ, ఏం?"

"లేసులు ఇంత పొడుగేంటి? రెండుసార్లు పడబోయాను. చూసుకుని తెప్పించొద్దూ?"

అత్తయ్య మొహం చేటంత అయింది. జ్ఞాపిక మేనకోడలి చేతిలో పడేసి, నేల మీద చతికిలబడి, ఆ పిల్ల లేసులు రెండు చుట్లు తిప్పి కట్టడం మొదలుపెట్టింది. "నిజమే తల్లీ, బొత్తిగా బుద్ధి లేదు నాకు," అంది. "తిట్టు, ఇంకా తిట్టు!"

పిల్ల తీరిగ్గా ఇంకో నాలుగు తిట్టి, పరిగెత్తుకుంటూ పోయింది.