నిజాంపట్నం రేవులో పున్నమి పోటు

తెనాలి, జనవరి 24, 1970, శనివారం.

మా వీధి ఆడవాళ్ళ సంఘం వచ్చే నెలలో ఒక రోజు నిజాంపట్నం రేవు చూసి రావాలనుకుంటోంది. దారి, ఖర్చు, భోజనం సంగతులు ముందుగా చూసి రాసిపెట్టమని నాకు అప్పగించారు. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పైసాతో సహా లెక్క రాసేదాన్ని కనుక పని నా మీద పడింది. మొన్న గురువారం, పున్నమినాడు, వెళ్ళి వచ్చాను. మనవలు వెంట వస్తామన్నారు. బడి మానకూడదని చెప్పి వాళ్ళను ఆపాను. నిజానికి ఒక్క రోజైనా ఎవరినీ కసరకుండా, ఎవరికీ వడ్డించకుండా గడపాలని నాకే ఉంది.

తెల్లవారకముందే రేపల్లె బండి ఎక్కాను. టికెట్టు తొంభై పైసలు. వేమూరు దాటేదాకా కిటికీ బయట మంచు తప్ప ఏమీ లేదు. ఆ తెల్లదనంలో వరికుప్పలు నేలను వదిలి తేలుతున్నట్టు కనిపించి, మళ్ళీ మాయమయ్యేవి. భట్టిప్రోలు దగ్గర ఎండ పొడ తగలగానే కోసిన చేలలో మినుము పచ్చగా బయటపడింది. నిద్ర పోతున్నానో మేలుకున్నానో నాకే తెలియలేదు. రేపల్లెలో దిగి, స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ, కాఫీ తీసుకున్నాను. నలభై పైసలు. చట్నీలో కారం ఎక్కువ. అక్కడి నుంచి నిజాంపట్నం బస్సు, అరవై పైసలు.

"రేవులోకి పోటు ఎప్పుడొస్తుంది నాయనా?" అని కండక్టరును అడిగాను.

"పోటు నా బస్సెక్కి రాదు మామ్మగారూ! పున్నమి గదా, పదింటికల్లా నిండుద్ది. కూచోండి."

సముద్రం పొంగి కాలువలోకి ఎదురెక్కే నీటినే పోటు అంటారు. నేను చేరేసరికి ఆ నీళ్ళు చప్పుడు లేకుండా బురదగట్లను మింగుతున్నాయి. అవతలి ఒడ్డున ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు మోకాళ్ళ లోతులో నిలబడి ఉన్నాయి. ఇవతల, వాలుగా పరిచిన దుంగల మీద ఒక కొత్త పడవ ఉంది. దానికి పసుపు రాస్తున్న ఆమె పేరు నాంచారమ్మ. యాభై దాటి ఉంటాయి. పాత పడవ తుఫానుకు ముక్కలైందట. అప్పటి నుంచి కొడుకు వెంకన్న ఇతరుల పడవల్లో కూలికి పోతున్నాడట. బడిలో పాఠాలు చెప్పినదాన్నని నేనూ చెప్పాను.

"ఈ పోటుకే దిగాలండి," అంది. "తప్పితే మళ్ళీ అమాస దాకా ఇంత నీళ్ళు రావు. జట్టువాళ్ళు అందాకా ఆగరు, ఇంకో పడవెక్కేస్తారు. జట్టు లేకపోతే పడవుండి ఏంటి లాభం?"

కొబ్బరికాయ తెచ్చేసరికి నేను లేచి, వలల గుట్ట వెనకకు వెళ్ళి కూర్చున్నాను. మా ఆయన పోయిన నాటి నుంచి శుభకార్యం జరిగే చోట ఎడంగా ఉండటం నాకు అలవాటు. ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడ కూర్చుని నీళ్ళ మీద ఎండ ఆడుతుంటే చూశాను. హైలెస్సా అన్న కేక దూరం నుంచి, ఎవరి కలలోంచో వస్తున్నట్టు వినబడింది. ఎంతసేపో తెలియదు. కేక ఆగిపోయింది.

పడవ సగం దిగి, ఇసుకలో కూరుకుపోయింది. తక్కిన పడవలన్నీ వేటకు పోయాయి, రేవులో మగవాళ్ళు పదిమంది కూడా లేరు. ఆడవాళ్ళు సైతం తాడు పట్టుకున్నారు. నీళ్ళు పైకి రావటం మానేశాయి. ఇక వెనక్కి తీయటమే తరువాయి. నాంచారమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఏంటి మామ్మగారూ, అట్టా ఎడంగా కూచున్నారు? లేచి ఓ చెయ్యెయ్యండి."

"నేను రాకూడదమ్మా. కొత్త పడవ. శుభమా అని దింపుకుంటున్నారు."

ఆమె నా నుదురు చూసి, తన నుదురు చూపించింది. అక్కడా బొట్టు లేదు. గాజుల్లేవని అప్పుడే గమనించాను.

"పడవ నాదండీ. నేను పట్టుకోకపోతే ఎవురు పట్టుకుంటారు? తాడుకి బలం కావాలి గానీ బొట్టెందుకు? నీళ్ళు పోతన్నయ్, రండి!"

చెప్పులు విడిచి వెళ్ళాను. పడవ కట్టిన ముసలి వడ్రంగి నవ్వాడు. "పంతులమ్మగారి చేతుల్లో ఏం బలముంటదే నాంచారీ?"

"ఇన్నేళ్ళు బెత్తం పట్టిన చేతులయ్యా ఇవి," అన్నాను. "నువ్వు ముందు సరిగ్గా నిలబడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే లాగాం. మొదటిసారి కదలలేదు. రెండోసారీ కదలలేదు. నాంచారమ్మ కేక అందుకుంది, నేనూ అందుకున్నాను. మూడోసారి దుంగ కిర్రుమంది, తాడు చేతుల్లో వదులైంది. పడవ తనంతట తానే జారి, నీళ్ళలో అటూ ఇటూ ఊగి, నిలబడింది. నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెంకన్న నన్ను ఎక్కించుకుని మడచెట్ల దాకా తిప్పాడు. తెడ్డు నీళ్ళలో మునిగిన చప్పుడు, లేచిన చప్పుడు, అంతే. ఆకుల నీడలు ఒళ్ళో పడి జారిపోయేవి. ఒక కొంగ మమ్మల్ని చూసి కూడా ఎగరలేదు. కాలువ మలుపులో ఉప్పుగాలి వచ్చి ముఖానికి తగిలింది. "అదిగో, అదే సముద్రం మామ్మగారూ," అన్నాడు వెంకన్న. దూరాన ఒక వెలుగు గీత తప్ప ఏమీ కనిపించలేదు. అదే చాలనిపించింది.

ఒడ్డున నా పులిహోర నాంచారమ్మ, నేను చెరిసగం తిన్నాం. "ఓ చేప ముక్కన్నా లేకండా ఎట్టా బతుకుతారండీ మీరు?" అని జాలిపడింది. నాలుగు గంటల బస్సుకు బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు తెనాలి చేరాను. మొత్తం ఖర్చు మూడు రూపాయల నలభై పైసలు.

అరచేతుల్లో తాడు ఒరుసుకున్న ఎరుపు ఇంకా పోలేదు. కొబ్బరినూనె రాయమని కోడలు అంటోంది. నాకు తొందర లేదు. నిన్న మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు మంచం మెల్లగా ఊగినట్టయింది. ఆ పడవను నీళ్ళలోకి దింపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏ కీడూ జరగలేదు. మీరు వెళ్ళేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పున్నమికో అమావాస్యకో తొమ్మిదింటికల్లా రేవులో ఉండాలి. మధ్యాహ్నం చేరితే బురద తప్ప ఏమీ చూడరు.

ఇక జరగవలసినవి:

1. వచ్చే అమావాస్యకే ప్రయాణం. అమావాస్యనాడు బయలుదేరటమేమిటని ఎవరూ అనవద్దు.

2. భోజనం ఎవరిది వారు తెచ్చుకోవాలి. ఇద్దరికి సరిపడా తెచ్చుకోవాలి.

3. వీధి చివరింటి అక్కచెల్లెళ్ళను సంఘం పిలవలేదు. వాళ్ళూ నాలా బొట్టు లేనివాళ్ళేనని వదిలేశారు. ఈ సాయంత్రమే నేను వెళ్ళి పిలుస్తాను.

4. ఆ రోజు తెల్లవారుజామున స్టేషనుకు అందరికంటే ముందు నేను నడుస్తాను. శకునం చూసుకునేవాళ్ళు తరువాతి బండికి రావచ్చు.