మా నాయనమ్మకు కుదరని ముహూర్తం

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మేమున్న అద్దె ఇంటి మీద ఒక రేకుల గది ఉండేది. ఎనభైల మొదట్లో అందులో ఒక పాలస్తీనా అన్న ఉండి యూనివర్సిటీలో చదువుకునేవాడు. పుట్టింది లెబనాన్‌లోని శరణార్థి శిబిరంలో. ఏ దేశమూ అతన్ని మావాడనలేదు. పాస్‌పోర్టుకు బదులు శరణార్థి అని రాసిన చిన్న పుస్తకం ఉండేది. ఏటా పోలీసు ఆఫీసు ఫారంలో శాశ్వత చిరునామా గడిని ఖాళీగా వదిలేసి గుమస్తాతో చీవాట్లు తినేవాడు. సెలవుల్లో మేనత్త ఊరికి వెళ్తూ, మీ ఊరికి నువ్వెప్పుడు పోతవన్నా అని అడిగేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో అలిగి వచ్చాడేమో అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే.

ఆ ఏడు వాళ్ల శిబిరం మీద బాంబులు పడ్డాయని రేడియోలో విన్నాడు. నెలనెలా వచ్చే తల్లి ఉత్తరం ఆగిపోయింది. తల్లీ ఇద్దరు చెల్లెళ్లూ ఉన్నారో లేరో తెలియదు. రోజూ పోస్ట్‌మన్ వచ్చే వేళకు మా గడపలో కూర్చునేవాడు. నాయనమ్మ సర్వపిండి ముక్క తెచ్చి పక్కన పెట్టేది.

సరిగ్గా అప్పుడే బాపుకు కంపెనీ క్వార్టర్ వచ్చింది. లోపలే నల్లా, మనకే ఒక స్నానాల గది. నేను అప్పుడే బొమ్మలు మూటగట్టుకున్నాను. నాయనమ్మ మాత్రం ఆషాఢంలో ఇల్లు మారరంది. అది అందరికీ తెలిసిందే, ఆగాం. బోనాలయ్యాయి, శ్రావణం వచ్చింది. మూఢం ఉంది, కదలొద్దంది. తల్లి మాట జవదాటని బాపు తల గోక్కున్నాడు. నెలాఖరులోగా చేరకపోతే క్వార్టర్ ఇంకొకరికి పోతుంది.

నాకు ఒళ్లు మండి గుడి పంతులు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన పంచాంగం తిరగేసి మూఢమూ లేదు గీఢమూ లేదు, ఎల్లుండే మంచిరోజన్నారు. వంటింట్లో ఉన్న నాయనమ్మను నిలదీశాను. ఆమె పొయ్యి మీదినుంచి చూపు తిప్పలేదు.

"నాకెరుకే బిడ్డా. మనం ఖాళీ చేస్తే ఇంటి సేటు ఈ ఇంటిని గోదాం చేస్తడు. ఆ పిలగాడు యాడికో పోతడు. ఆ తల్లికి తెల్సిన జాగ ఇదొక్కటే. ఉత్తరమొస్తే ఎవరందుకోవాలె?"

కొత్త అడ్రసు రాసి పంపమందామన్నాను.

"యాడికి పంపాలె?" అంది.

సాయంత్రం బాపు, పంతులు ఏమన్నడు బిడ్డా అని అడిగాడు. మూఢమే అన్నడు బాపూ అన్నాను. నాయనమ్మ వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుకుంది.

క్వార్టర్ ఇంకొకరికి పోయింది. బయటి నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ ఆ అబద్ధం ఎందుకాడానా అని ఏడుపొచ్చేది. నిజం చెప్పాలంటే చాలా రోజులు పశ్చాత్తాపపడ్డాను.

వినాయకుణ్ని సాగనంపిన మర్నాడు ఉత్తరం వచ్చింది. కవరు నిండా ముద్రలే. ముగ్గురూ బతికే ఉన్నారు, సిరియాలో మరో శిబిరానికి చేరుకున్నారు. అన్న గడపలోనే కూలబడి ఒకసారి చదువుకున్నాడు. తర్వాత నాయనమ్మ ఎదురుగా కూర్చుని మొత్తం అరబ్బీలోనే గట్టిగా చదివాడు. తెలుగు అక్షరమే రాని ఆమె మొదటినుంచి చివరిదాకా ఊ కొడుతూ విని, కళ్లు తుడుచుకుంది. నాకు ఆ క్షణంలో క్వార్టర్ గుర్తే రాలేదు.

మరుసటి ఏడు ఫారంలో శాశ్వత చిరునామా దగ్గర మా ఇంటి నంబరు రాశాడట. గుమస్తా కొట్టేస్తే మళ్లీ అదే రాశాడట. అతను చదువు ముగించి వెళ్లాకే మేము ఆ ఇల్లు వదిలాం.

ఇప్పటికీ మా వాళ్లెవరైనా ఇల్లు మారుతుంటే, ఈ ఇంటికి ఎవరి కబురైనా రావాల్సి ఉందా అని అడుగుతాను. ఈ రోజుల్లో ఉత్తరాలెక్కడివి అత్తమ్మా అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. జవాబు చెప్పేదాకా మాత్రం నేను ఒక్క మూట కట్టనివ్వను.