అన్నకు నేనిచ్చిన చెక్క

యుద్ధంలో మునిగిన ఓడలోంచి ప్రాణాలతో బయటపడ్డవాడు పాలమూరు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. నీళ్ల కింద తిరిగే జర్మనీవాడి పడవ పట్టపగలు మా ఓడ పొట్ట చీల్చింది. నేను ఒక చెక్క పట్టుకొని సముద్రంలో మూడు రోజులు తేలాను. వినేవాళ్లు చాయ్ తాగిస్తే అయిదు రోజులు. ఒక సొరచేప వచ్చి నా కాలు వాసన చూసి, ఎండిన జొన్నకట్టె అనుకుందేమో, ముట్టకుండా వెళ్లిపోయింది. కోస్గి అంగట్లో ఈ కథ మొదలుపెడితే బేరాలు ఆపుకొని వినేవారు. వాళ్లలో సముద్రం చూసినవాడు లేడు, అందుకని అడ్డం చెప్పేవాడూ లేడు.

ఇందులో ఓడ మునిగిన మాట నిజం. మిగతాది కొంచెం సాగింది. ఎంత సాగిందో చెబుతాను.

మాది కోస్గికి దగ్గర్లో ఒక ఊరు. జానెడు భూమి లేదు, మట్టిపనే బతుకు. చెరువు కట్టయినా, సర్కారు సడకయినా మేస్త్రీ పిలిస్తే పోవడమే. మా పనిలో మనుషులను ఒక్కొక్కరుగా తీసుకోరు, జతగా తీసుకుంటారు. పార పట్టి తవ్వే మగవాడొకడు, తట్ట మోసే ఆడమనిషి ఒకతె. జత ఉంటేనే పని. మా అన్న పారకు వదిన తట్ట. నాకింకా పెళ్లి కాలేదు, నా పారకు అమ్మ మోసేది. అప్పటికే ఆమె నడుము వంగిపోయింది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మేస్త్రీ వచ్చి, బస్రాలో ఫౌజుకు సడకులు వేయాలి, మగవాళ్లు మాత్రమే కావాలి, ఓడలో తీసుకుపోతారు అన్నాడు. బస్రా అంటే ఇరాకు దేశమని తెలియక, రాయచూరు అవతల ఎక్కడో ఉంటుందనుకున్నాం. అన్నా నేనూ ఎవరి పార వాళ్లం భుజాన వేసుకొని తాండూరులో రైలెక్కాం. పరాయి పార చేతికి కుదరదు, అందుకని మావాళ్లు ఎంత దూరం పోయినా సొంత పారతోనే పోతారు.

బొంబాయి రేవులో ఓడను చూసి అన్న నోరు తెరిచాడు.

"గింత ఇనుము నీళ్ల మీద ఎట్ల నిలవడ్డదిరా?"

నేను గుంపులోంచి వెనక్కి జరిగాను. ఆ రోజు జ్వరం వచ్చిందని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జ్వరం కాదు, భయం. పత్తి బేళ్ల వెనక దాక్కున్నాను. అన్న నా కోసం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నిచ్చెన ఎక్కాడు. మా ఓడ అని మొదట్లో అన్నాను కదా, అది అన్న ఓడ. నా కాలు దాని మీద పడలేదు.

ఆ రేవులోనే బేళ్లు మోస్తూ పొట్ట నింపుకున్నాను. కొన్నాళ్లకు మేస్త్రీ వచ్చి, ఓడను దారిలోనే ముంచారు, మనవాళ్లు ఒక్కరూ మిగల్లేదు అన్నాడు. నోట్లోని బీడీ తీసి చెప్పాడు, ఆ మాత్రం మర్యాద చేశాడు. తర్వాత కొత్త కూలీలను చూసుకోవాలని లేచి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాను. అమ్మ నన్ను చూడలేదు, నా వెనక చూసింది.

"వాడేడిరా?"

ఎక్కలేదని చెబితే, తోడబుట్టినవాణ్ణి ఒంటరిగా పంపి నువ్వు దాక్కున్నావా అంటుంది. అందుకని నన్ను నేనే ఓడ ఎక్కించుకున్నాను, ముంచుకున్నాను, తేల్చుకున్నాను. అమ్మ ముఖం చూసి అన్నకు కూడా ఒక చెక్క ఇచ్చాను.

"అన్న గూడ చెక్క పట్టుకున్నడమ్మా. అలలు అటు కొట్టుకపోయినయ్."

"అటంటే యాడికి?"

"పడమటికి."

అమ్మ పడమటికి తిరిగి దండం పెట్టింది. వదిన గడప పక్కన నిలబడి ఉంది. ఏడవలేదు. ఆమె చూపు నా ముఖం మీద కాక నా భుజం మీద ఉంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్న బతికే ఉన్నాడు. రాత్రి అతని పేరున అమ్మ ఒక జొన్నగటక ముద్ద తీసి పక్కన పెట్టేది. తెల్లవారి, ఎండిపోయిన ఆ ముద్దే వదినకు కూడు. "పెండ్లాం తింటె మొగడు తిన్నట్టే" అనేది. వదిన వేడి ముద్ద ఎరగదు. నా జతకు అమ్మ బదులు ఆమె వచ్చింది. తట్ట ఒరుసుకొని నడినెత్తిన వెంట్రుకలు ఊడి నున్నగా మచ్చ పడింది. ఒళ్లు కాలిపోతున్న రోజు కూడా, జత చెడుతుందని లేపేవాళ్లం. అమ్మే లేపేదనుకోండి.

మాలో మొగుడు పోతే గాజులు పగలగొట్టుకొని, కొన్నాళ్లకు మారుమనువు పోవడం తప్పు కాదు. వదినకు ఆలేరు నుంచి సంబంధం వచ్చింది. పెళ్లాం చనిపోయినవాడు, రైలు పట్టాల మీద గ్యాంగు పని. వదిన వాళ్ల అన్న వచ్చి మా కులపెద్దను అడిగాడు. గాజులు పగిలితే ఆమె ఆలేరు పోతుంది, పగలకపోతే చచ్చేదాకా మా ఇంటి తట్ట. తేలాల్సింది అదే.

కులపెద్ద మా వాకిట్లో కూర్చొని నన్ను ముందుకు పిలిచాడు.

"మేస్త్రి జెప్పింది విన్నమాట. నువ్వు కండ్లార చూసినోనివి. మీ అన్న మునిగిండా, తేలిండా పిలగా?"

"చెక్క పట్టుకున్నడు పెద్దయ్యా."

"నువ్వు పట్టుకున్నసొంటిదేనా?"

"నాదాని కంటె పెద్దది."

ఎందుకు పెద్దది చేశానో నాకే తెలియదు. నోట్లోకి వచ్చిన మాటను పెంచకుండా వదలడం నాకు చేతకాదు.

"చిన్న చెక్కోడే ఇల్లు జేరిండు," అన్నాడు కులపెద్ద. "పెద్ద చెక్కోడు ఏదో ఒక ఒడ్డున ఉండకపోడు. మొగడు బతికుండంగ గాజులెట్ల పగులగొడ్తం?"

వదిన వాళ్ల అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. మర్నాడు వదిన ఎండిన ముద్ద తిని, నెత్తిన చుట్టబట్ట పెట్టుకొని నా వెనక పనికి వచ్చింది. దారిలో ఒక్క మాటే అడిగింది.

"గా చెక్క ఎంత పొడుగుంటది మర్దీ?"

నేను చేతులు బార చాపి చూపించాను.

ఆలేరువాడు ఇంకా ఎదురుచూస్తున్నాడని మరుసటేడు కబురు రావడంతో పంచాయితీ మళ్లీ కూర్చుంది. అప్పటికే నన్ను లోపల పురుగు తొలుస్తోంది. అమ్మ చెయ్యి పట్టి గుంజుతున్నా వినకుండా పదిమందిలో లేచి నిలబడ్డాను. "చెక్క లేదు, సొరచేప లేదు, నేను ఓడనే ఎక్కలేదు. మా వదినెను పోనియ్యుండ్రి" అన్నాను. చూసినవాడు లేకపోయేసరికి మేస్త్రీ విన్నమాటే నిలిచింది. వదిన గాజులు పగిలాయి. అమ్మ మొండితనానికి ఒక ఆడమనిషి బతుకు బలి కాకుండా ఆపింది నేనేనని ఇన్నాళ్లూ ఇంట్లో పిల్లలకు చెబుతూ వచ్చాను.

మొన్న నా మనవరాలి లగ్గానికి వదిన ఆలేరు నుంచి వచ్చింది. పండ్లు ఊడాయి గాని చెవులు పాముచెవులే. పందిట్లో పిల్లలకు ఈ ఆఖరి ముక్క చెబుతుంటే, చిన్న రోట్లో వక్కలు దంచుకుంటూ విన్నది. నేను ఆపాక రోలు పక్కకు జరిపింది.

"ఎవడు లేచిండురా పదిమందిల? నువ్వు కూసున్నకాడనే కూసోని సొరచేప ముచ్చట జెప్తున్నవ్. ఆడిది నోరిప్పొద్దంటె ఏడాది ఊకున్న. రెండోసారి ఊకోలె. మూలకున్న నీ పార దెచ్చి పంచాయితి నడుమ పడేసిన. మూడు దినాలు సముద్రంల తేలినోని భుజం మీదికి, ఇంటికాడి నుంచి పట్కపోయిన పార ఎట్లొచ్చిందని అడిగిన. గా పార జూసే పెద్దయ్య గాజులు పగులగొట్టుమన్నడు. ఇంగ సచ్చిన అత్త మీదికి నూకకు. ముద్ద పెట్టింది అత్తనే, కాదన. కాని మొదటి పంచాయితినాడు పొద్దుగాలనే నీకు జెప్పింది, పోనియ్‌రా కొడుకా, దాని బతుకు అది బతుకుతదని. నేను పోతె నీ పారకు తట్ట లేదు. గందుకు తేలిండు మీ అన్న."