అద్దం లేని ఫ్రేము

తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా ఆ టేకు చెక్కలోంచి పాత వార్నిష్ వాసన ఇంకా వస్తుంది. మా మల్కాపురంలో కిటికీలు మూసినా తెరిచినా ఒకటే. ఓడరేవు వైపు నుంచి వచ్చే నల్లటి బొగ్గుపొడి గుడ్డకు అంటుకోక మానదు. ఈ ఉదయం ప్రార్థన ముగించుకుని ఆ ఫ్రేము తుడుస్తూ, ఇక దీన్ని అటక మీద పెట్టేద్దామా అనుకున్నాను. దానికి అద్దం లేదు, లోపల బొమ్మ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఫొటోల సరదా ఉన్న కొందరం కూర్చుని, ఒకరి ఫొటో ఒకరం ఇందులో పెట్టి చూసుకుంటాం, ఎలా ఉందో చెప్పుకుంటాం. మొన్న కూర్మన్నపాలెం నుంచి వచ్చే సునీత, తన ఫొటో గురించి నేను చెబుతుంటే మధ్యలోనే దాన్ని లాక్కుని లేచిపోయింది. "తప్పులెన్నడానికే పిలుత్తారేటి అన్నా? దానికి ఇంటికాడ మా అత్త ఉంది కదా," అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకు అలసటగా ఉంది. ప్రతివాడికీ బాగుందని చెప్పి పంపేస్తే వాళ్లకూ హాయి, నాకూ హాయి.

ఈ ఫ్రేము జిలానీ భాయ్‌ది. వన్‌టౌన్‌లో ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు అన్నీ ఆయన చేతి మీదుగా గోడలెక్కేవి. తనకూ కెమెరా పిచ్చి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో ఫొటోలు తీసే మాలాంటి వాళ్లను లోపల కూర్చోబెట్టేవాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఫొటోను ఈ ఫ్రేములో పెట్టి గోడకు ఆనించేవాడు. ఫొటో గురించి చెప్పే మనిషి తీసినవాడి పక్కనే కుర్చీ వేసుకోవాలి; ఎదురుగా కూర్చోకూడదు. ఇద్దరి కళ్లూ ఫొటో మీదే ఉండాలి. ముందు కనబడింది చెప్పాలి, ఆ తర్వాతే కనబడనిది. తీసినవాడు మధ్యలో నోరెత్తకూడదు. అంతా అయ్యాక ఒక్క మాట అనాలి: "విన్నాను." ఒప్పుకున్నానని కాదు, కాదన్నానని కాదు. విన్నాను, అంతే.

నేను ఓడల ఏజెన్సీలో గుమాస్తాను. మొదటిసారి నేను తీసుకెళ్లింది భీమిలి సముద్రంలో మా సంఘం ఇచ్చిన బాప్తిస్మం ఫొటో. సంఘమంతా దానికి స్తోత్రం చెప్పింది. మా దగ్గర దేనికైనా స్తోత్రమే. పాట శ్రుతి తప్పినా ఆమెన్ అంటాం. జిలానీ భాయ్ నా పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు.

"అలలున్నాయి. పాస్టరు గారున్నారు. తెల్ల బట్టలు బాగా మెరుత్తన్నాయి. మరి మునిగిన మనిసేది బావా?"

పాస్టరు గారి చెయ్యి బాప్తిస్మం తీసుకున్నామె మొహానికి అడ్డొచ్చింది. నేను ఊరుకోలేదు. నీటిలో మునగడమంటే పాత మనిషి చనిపోవడమనీ, మొహం కనబడకపోవడంలోనే అర్థం ఉందనీ వాక్యం ఎత్తుకున్నాను.

"ఏటి, ప్రసంగం సేత్తన్నావ్?" అన్నాడు. "ఈ ఫొటో ఆయమ్మ ఇంటి గోడకెక్కుతాది. వొచ్చినోళ్లందరికీ ఇదంతా సెప్పడానికి నువ్వు కూడా పక్క మేకుకి యేలాడతావేటి?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా విశ్వాసం సంగతి ఈయనకేం తెలుసు అనుకున్నాను. ఆయన మాత్రం కుర్చీ జరపకుండా, ఆ ఒక్క మాట కోసం కూర్చున్నాడు. పళ్ల బిగువున "విన్నాను" అన్నాను. తర్వాతి బాప్తిస్మాలకు నేను ఒడ్డున నిలబడలేదు. నడుంలోతు నీళ్లలోకి దిగాను. నీటిలోంచి లేచిన మనిషి మొదటి ఊపిరి తీసుకునే మొహం ఎలా ఉంటుందో అప్పటిదాకా నేను చూడనే లేదు.

ఏళ్లు గడిచాయి. భాయ్ చేతులకు వణుకొచ్చింది. అదే కాలంలో ఆయన భార్య రషీదాకు, మేమంతా అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే ఆమెకు, జబ్బు ముదిరింది. ఒక ఆదివారం ఆయన తన ఫొటోనే ఫ్రేములో పెట్టాడు. ఆపా కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. "దీన్నే కట్టి గోడకి పెడతాను. ఇంక తీయించుకోడానికి ఆయమ్మకి ఓపిక నేదు," అన్నాడు. ఒక్కొక్కరూ బాగుందన్నారు. ఇంకేం అనగలరు? ఆయన తన కుర్చీని నా పక్కకు జరుపుకున్నాడు.

"దేవదానం, నువ్వు సెప్పు."

లోలోపల ప్రార్థించుకున్నాను. జాలి కొద్దీ ఆడినా అబద్ధం అబద్ధమేనని మా పెద్దలు నేర్పారు. ప్రేమ లేని నిజం వట్టి గంట మోత అనీ వాళ్లే నేర్పారు. ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నాను. బాగుందంటే ఆయన మిగిలిన రోజులన్నీ ఆ గోడనే చూస్తూ బతకాలి.

"కిటికీ కనబడతంది భాయ్. ఊసలు ఒక్కోటీ తేటగా ఉన్నాయి. దుప్పటి మీద ఎండ బాగా పడింది." ఇక కనబడనిది మిగిలింది. "ఆపా మొకం సెదిరిపోనాది. కళ్లు కనబడ్డం నేదు."

బయట లారీ ఒకటి మూలుగుతూ వెళ్లింది. ఆయన ఫొటోనే చూస్తూ ఉండిపోయాడు.

"విన్నాను," అన్నాడు చివరికి. మళ్లీ తనే, "నాకు కనబడతన్నాయిరా ఆ కళ్లు. ఇన్నేళ్లు సూసినోడిని కదా. ఫొటోలో నేవని తెలీనేదు," అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. "నా ఇల్లాల్ని నానే తీత్తాను. నువ్వు పక్కనుండు." కెమెరా ఆయన పట్టుకున్నాడు. నేను నేల మీద మోకరించి, ఆయన మోచేతి కింద నా భుజం ఆనించాను. ఆపా మా ఇద్దరి అవస్థ చూసింది.

"ముసల్దాని ఫొటోకి ఇద్దరు మొగోళ్లా? పోర్టు నుంచి క్రేను కూడా తెప్పించకపోయారా?"

తన మాటకు తనే నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఆయన నొక్కాడు.

ఆపా పోయాక, ఆయన కూడా పోయేదాకా ఆ నవ్వు ఆ గోడ మీదే ఉంది. దుకాణం మూసేటప్పుడు గుర్తుగా ఏం కావాలని వాళ్లబ్బాయి అడిగితే నేను ఈ ఖాళీ ఫ్రేము అడిగాను. ఆయన నమాజు ఆయనది, నా ఆరాధన నాది. ఏనాడూ ఒకరినొకరు మార్చాలని చూడలేదు. అయినా ప్రార్థనలో దేవుడికి సంజాయిషీలు చెప్పుకోవడం నేను మానుకున్నది ఆ సగం దించిన షట్టర్ కిందే.

ఇదంతా తలుచుకుంటూ తుడుస్తుంటే మొన్నటి ఆదివారం మళ్లీ కళ్లముందుకొచ్చింది. బల్లకు ఇవతల నేను, అవతల సునీత. అలిసిపోయి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాను. అది ఆమెకు సరిగ్గా ఎదురుగా ఉంది. పాపం, ఆమె చూసింది ఫొటోను కాదు, అలిసిన నా మొహాన్ని.

ఫ్రేము అటక ఎక్కలేదు. సునీతకు ఫోన్ చేశాను.

"మళ్లీ తప్పులెంచుతారా అన్నా?"

"కాదమ్మా. ఈ ఆదివారం నా ఫొటో పెడతన్నాను. నువ్వు సెప్పాలి."

"ఉన్నదున్నట్టు సెప్పేత్తాను మరి. తర్వాత మూతి ముడుసుకోకూడదు."

"సెప్పు. కుర్చీ మాత్రం నా పక్కనే యేసుకో."

అలసట తీరలేదు. ఆమె ఏం చెప్పినా అనవలసిన ఆ ఒక్క మాటను మాత్రం ఇప్పటి నుంచే నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను.