ఒంటెపిల్ల లేచిన తీరు

మొన్న ఆదివారం మా మనవరాలు బడిలో ఇచ్చిన పనికని మేకబొమ్మ ఒకటి గీసి తెచ్చి నా ముందు పెట్టి, ఎట్లుంది తాతా అని అడిగింది. అలవాటైన చూపు ఊరుకుంటుందా, మేక వెనక కాలు అటు వంగదమ్మా అనేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. వంటింట్లోంచి మా అమ్మాయి వచ్చి “బాగుందంటె నీ నోట్లకెంచి ముత్యాలు రాల్తయా నాయినా?” అని కసురుకుంది. దాని కోపమూ న్యాయమే. కాని దుబాయ్‌లో నేను సంపాదించుకున్న గౌరవమంతా ఆ దుర్గుణం వల్లే వచ్చిందని దానికెలా చెప్పను? నాతో పాటు ఆ రోజుల్లో విమానమెక్కిన నా ఈడు వాళ్ళకైతే చెప్పవచ్చు.

పేరుకు దుబాయ్ అంటాం గాని, రెండువేల తొమ్మిదిలో నేను దిగింది షార్జా పక్కన సజ్జాలో, ఫైబరు బొమ్మలు పోసే ఒక కార్ఖానాలో. తోటలకూ హోటళ్ళకూ కావలసిన డేగలు, కాఫీ కూజాలు, ముఖ్యంగా గుర్రాలు అక్కడ తయారయ్యేవి. నాకిచ్చిన పని అచ్చులు కడగడం. మాది నిర్మల్ బొమ్మలు చేసిన వంశం, మా తాత పొణికి చెక్కతో చేసిన వంకాయను చూసి కూరకు కోయబోయినవాళ్ళున్నారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు, అలాంటి ఇంట పుట్టి నలభై అయిదేళ్ళ వయసులో బ్రష్షూ బకెట్టూ పట్టుకున్నందుకు మొదట్లో మనసు చాలా చివుక్కుమనేది.

కార్ఖానాలో బొమ్మలకు మొదటి రూపం ఇచ్చేది హాలెండు నుంచి వచ్చిన మేడం. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, తాటిచెట్టంత మనిషి, ఎండకు మొహం టమాటాలా కందిపోయేది. ఆమె మట్టితో చేసిన బొమ్మకు మేం అచ్చు తీసి ఫైబరు పోసేవాళ్ళం. ఒకసారి పోత పోసిన డేగకు ముక్కు విరిగితే, మా తాత చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చెక్కబొమ్మల పగుళ్ళు పూడ్చిన తీరునే నేను రెజిన్ జిగురులో ఫైబరు పొడి కలిపి ముక్కు నిలబెట్టాను. మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన సంచిలోంచి మట్టి చెక్కే కత్తి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి నేను ఆమె బల్ల దగ్గరే పనిచేశాను.

అలా నాలుగైదేళ్ళు హాయిగా నడిచాక ఆమెకు దగ్గు పట్టుకుంది, దాంతో పాటు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. దుమ్మూ రెజినూ ముట్టుకోవద్దనీ, బరువు ఎత్తవద్దనీ, మట్టి పిసకవద్దనీ డాక్టరు చెప్పేశాడు. శిల్పికి అంతకంటే ఏం మిగులుతుంది, ఖలాస్ అన్నట్టే. వీసా మూడు నెలల్లో ముగుస్తుందనీ మళ్ళీ వేయించలేననీ కార్ఖానా నడిపే మేనేజరు, మా ముదీర్ కూడా తేల్చేశాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న మనిషికి తన దేశంలో తల్లీ తండ్రీ పోయారు, తలుపు తీసేవాళ్ళు లేరు. పెన్సిలు పట్టడానికి మాత్రం వేళ్ళు సహకరిస్తాయని, పిల్లల పుస్తకాలు వేసే షార్జా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. లేవడానికి బద్ధకించే ఒంటెపిల్ల కథ ఒకటి ఇచ్చి, బొమ్మలు నచ్చితే కొలువూ వీసా ఇస్తామన్నారట వాళ్ళు.

గీసినప్పుడల్లా ఆ కాగితాలు తెచ్చి ఛాయ్ వేళకు మా అందరికీ చూపించేది. ఇక్కడ మా జాతి లక్షణం ఒకటి చెప్పాలి. తెల్ల హెల్మెట్టు టోపీ పెట్టుకున్న పైఅధికారులు ఏది చూపించి ఎలా ఉందన్నా మా నోట వచ్చే మాట ఒక్కటే, బహుత్ అచ్ఛా. గోడ వంకరగా ఉన్నా అచ్ఛా, కూరలో ఉప్పు లేకపోయినా అచ్ఛా. అది అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు, సలాం పెట్టడం లాంటిదే అనుకున్నాం. మేడం బొమ్మలకూ అదే అన్నాం. అవి వెనక్కి వచ్చాయి. ఒంటె అందంగానే ఉంది గాని ప్రాణం లేదన్నారట. ఆమె మళ్ళీ గీసింది, మేం మళ్ళీ అచ్ఛా అన్నాం, మళ్ళీ వెనక్కి వచ్చాయి. వీసాకు ఇంక ఇరవై రోజులు కూడా లేవు.

సంగతేమిటంటే, ఆ తప్పు నాకు మొదటి రోజే కనిపించింది. ఏళ్ళ తరబడి గుర్రాలు చేసిన చెయ్యి ఆమెది. గుర్రం ముందు కాళ్ళు చాచి ముందు తల వైపు లేస్తుంది, ఆమె ఒంటెపిల్ల కూడా అలాగే లేచింది. మన బర్రె లేవడం చూసిన ఎవరికైనా తెలుసు, మోకాళ్ళ మీద నిలిచి ముందు వెనక భాగం ఎత్తుతుంది, ఒంటె కూడా అంతే. కథంతా లేవడం మీదే ఉంటే ఆ లేవడమే తప్పయింది. నాకు తెలిసీ రెండుసార్లు నోరు మూసుకున్నాను, ఆమె పెట్టె సర్దుకోవలసి వస్తే ఆ పాపంలో నా పాలు కూడా ఉంటుంది. జగిత్యాల వైపు మేస్త్రీకి ఈ మాట చెబితే “నీకెందుకు తమ్మీ? అచ్ఛా అను, ఛాయ్ తాగు. తప్పువట్టినవని ముదీర్‌కు తెలిస్తె నిన్ను మల్ల అచ్చులు కడుగ తోలుతడు” అన్నాడు. ఆ భయం నాకూ లేకపోలేదు.

మూడోసారి ఆమె కాగితాలు పరిచినప్పుడు అందరూ అచ్ఛా అన్నారు, నేను అనలేకపోయాను. ఆమె నా వైపు చూసి, మాతో ఉండి నేర్చుకున్న హిందీలో “గల్తీ కిధర్? బోలో” అంది, తప్పెక్కడుందో చెప్పమని. చెప్పడానికి నాకు హిందీ చాలలేదు. ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, యాభై ఏళ్ళకు దగ్గర పడిన వాణ్ణి, కార్ఖానా మధ్యలో నేల మీద మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, పిర్రలు పైకెత్తి, ఆ తర్వాత ముందు భాగం లేపి ఒంటెలా నిలబడ్డాను. కార్ఖానా అంతా గొల్లున నవ్వింది. మేస్త్రీ సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. మేడం నవ్వలేదు. పెన్సిలు తీసి “ఫిర్ సే” అంది, అలా ఏడెనిమిది సార్లు నన్ను లేపింది. అప్పుడు గాని మా లారీ నడిపే పఠాన్, తాతల నాటి నుంచి ఒంటెలు మేపిన ఇంటివాడు, “మైఁ భీ దేఖా థా మేడం” అని, తప్పు తనూ చూశానని నసుగుతూ, ఒంటె పెదవి కూడా అలా ఉండదని ఒప్పుకోలేదు. ఆమె మా అందరినీ ఒక్కసారి కలయజూసింది. ఆ చూపుకు తల వంచుకోని వాడు లేడు.

ఆ పదిహేను రోజులూ ఆమె చెప్పినట్టల్లా నేను అరచేతిలో పట్టే మట్టి ఒంటెలు చేశాను, కూర్చున్నదీ, సగం లేచినదీ, తూలినదీ. ఆమె వాటిని ఆఫీసు గది కిటికీ వెలుగులో తిప్పి చూసుకుంటూ గీసింది. పిసకలేని ఆమె చేతులకు నా చేతులు అరువు వచ్చాయి. వీసాకు నాలుగు రోజులుండగా ఆమె కార్ఖానా గేటు దగ్గర కారు దిగి, రెండు చేతులూ పైకెత్తి దుమ్ములోనే పరిగెత్తుకుంటూ వచ్చింది, బొమ్మలు నచ్చాయట, కొలువూ వీసా ఇచ్చారట. దుమ్ము కూడదని డాక్టరు చెప్పిన మాట ఆమెకూ గుర్తు లేదు, మాకూ గుర్తు రాలేదు. తరవాత పుస్తకం వచ్చినప్పుడు మొదటి పేజీలో తన పేరు కింద నా పేరు వేయించింది. అరబ్బీ అక్షరాల్లో నా పేరు ఏదో నాకు తెలియకపోతే పఠాన్ వేలు పెట్టి చూపించాడు. మా తాత చేసిన ఏ బొమ్మ మీదా ఆయన పేరు లేదు. ఆ రోజు నాకు కలిగిన గర్వం దాచుకోవడం నా వల్ల కాలేదు, క్యాంపులో మంచం మంచానికీ తిరిగి చూపించాను.

ఆ తర్వాత ఆమె చాలా పుస్తకాలకు బొమ్మలు గీసింది, ఒక్కటి కూడా నాకు చూపించకుండా అచ్చుకు పంపలేదు. ఫోనులో బొమ్మ వచ్చేది, కింద ఒకటే ప్రశ్న, గల్తీ కిధర్ అని. నేను చెప్పేవాణ్ణి, ఆమె దిద్దేది. ఒక్కోసారి వాదించేది, ఎక్కువసార్లు నేనే గెలిచేవాణ్ణి.

రెండువేల పంతొమ్మిదిలో నేను ఇల్లు చేరాను. ఆ కార్ఖానాలో ఇప్పుడు బొమ్మలను యంత్రమే చెక్కుతుందట, మట్టి ముట్టేవాడే లేడట. ఫోనులో ఎవరు ఏది పంపినా అందరూ చూడకుండానే బొటనవేలు గుర్తు పెట్టేస్తున్నారు, మా పాత అచ్ఛా ఇప్పుడు లోకమంతటికీ అంటుకుంది. నేను వచ్చిన కొద్ది నెలలకు మేడం ఒక ముసలి ఒంటె బొమ్మ పంపింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ పొద్దంతా వెతికాను, తప్పు దొరకలేదు. అచ్ఛా హై మేడం అని పంపాను. ఆమె నమ్మక వెంటనే ఫోను చేసి “సచ్ బోలో” అంది. నిజమే మేడం, ఒక్కటి కూడా లేదన్నాను. షుక్రియా అని నెమ్మదిగా ఫోను పెట్టేసింది. ఆ తర్వాత బొమ్మ రాలేదు, ఆ నంబరు మోగడం లేదు, ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పేవాళ్ళు లేరు. అదే మా ఆఖరి మాట అవుతుందని తెలిసి ఉంటే, ఆ ఒంటె చెవి కొంచెం పొడుగైందనైనా అని ఉండేవాణ్ణి.