బయ్యమ్మ నేర్చిన సంగటి

పుంగనూరులో చింతపండు వ్యాపారం చేసే ఈశ్వరప్ప తన చెల్లెలు బయ్యమ్మను కష్టపెట్టాడని ఎవరైనా అంటే అది అబద్ధం. చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు పోయిన పిల్లను అతను అపురూపంగా చూసుకున్నాడు. ఎంత అపురూపంగా అంటే, పెద్దదయినా పంచలో చాప మీద నుంచి లేవనివ్వలేదు. పొయ్యి దగ్గరికి పోతే చీర అంటుకుంటుంది, పెరట్లోకి పోతే బావిలో పడుతుంది, వీధిలోకి పోతే బండి కింద పడుతుంది. వేళకు కూడు కంచంలోకి వచ్చేది. ఎంత మంచి అన్న అని ఊరంతా మెచ్చుకుంది. చాప మీది మనిషిని ఒక మాట అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అవి యుద్ధం రోజులు. బియ్యానికి కటకటగా ఉండేది. పెరటి తోటలు వేసుకోమని చెబుతూ మదనపల్లె నుంచి పుష్పమ్మ అనే మిషన్ టీచరమ్మ, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో వచ్చేది. ఆమెకు ఒక కాలు పొట్టి. చూపు లేనివాళ్ళకూ, కాలో చెయ్యో సరిగా లేనివాళ్ళకూ తోటపని, వంటపని నేర్పాలని ఆమె పట్టుదల. కిరస్తానీ మనిషి కాబట్టి ఈశ్వరప్ప భార్య గౌరమ్మ ఆమెను గడప తొక్కనివ్వలేదు. సందులోంచి నేరుగా పెరట్లోకి రమ్మంది. ఆ పట్టింపే బయ్యమ్మకు మేలు చేసింది. టీచరమ్మ లోపలికి రాకూడదు గనక బయ్యమ్మే చాప వదిలి పెరట్లోకి నడవాల్సి వచ్చింది.

పుష్పమ్మ చెయ్యి చాపితే అందేటంత సన్నగా మళ్ళు కట్టించింది. దారి పాదాలకు తెలిసేలా ఇటుకలు పరిపించింది. ఆకు నలిపి వాసన చూస్తే మెంతి ఏదో కలుపు ఏదో తెలుస్తుందని, వేలు గుచ్చితే తడి చాలిందో లేదో మన్నే చెబుతుందని నేర్పింది. తర్వాత అక్కడే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. కొంగు బిగించి దోపుకోమని, రాగి సంగటికి ఎసురు పెట్టించింది.

“సెవి ఇట్ల పెట్టు బయ్యమ్మా. ఎసురు మరిగేటప్పుడు ఒక సద్దు, పిండి ఉడికేటప్పుడు ఇంకొక సద్దు. తడి సేత్తో తాకి సూడు. అంటుకోకపోతే ఉడికినట్టే. సంగటికి కండ్లతో ఏం పని?”

ఉండలు కట్టిన ఆ మొదటి సంగటిని బయ్యమ్మ ఒక్కతే తినేసింది. తన ఆకలికి తానే వండుకోవడంలో ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడు వానాకాలంలో గౌరమ్మ చలిజ్వరంతో మంచమెక్కింది. బయ్యమ్మ వంటింట్లోకి పోయి సంగటి కెలికి, తన మడిలోని తోటకూరతో పులుసు చేసింది. ఈశ్వరప్ప తిని, ఇంకొక ముద్ద వేయించుకున్నాడు. జ్వరం తగ్గింది గానీ గౌరమ్మ మళ్ళీ పొయ్యి ముందుకు రాలేదు. పొద్దున సంగటి, మాపటికి సంగటి, నడుమ వచ్చిపోయే చుట్టాలకు పప్పు. చాప పోయి పీట వచ్చింది, అంతే.

అప్పుడే పుష్పమ్మ ఒక కబురు తెచ్చింది. మదనపల్లెలో చూపు లేని ఆడవాళ్ళకు వంటా తోటపనీ నేర్పే బడి తెరుస్తున్నారు. బయ్యమ్మ వచ్చి నేర్పితే ఉండడానికి గది కూడా ఇస్తారు. “కండ్లు ఉండే నేను సెప్తే వాళ్ళకు నమ్మకం రాదమ్మా. నువ్వు సెప్తే వస్తాది,” అంది పుష్పమ్మ. బయ్యమ్మకు ఆ మాట గుండెల్లో పడింది. బతుకులో మొదటిసారి ఒకచోటికి పోవాలనిపించింది.

అన్నను అడిగింది.

“నువ్వు పోతే ఇంట్లో సంగటి కెలికేదెవరమ్మా? మీ వొదినకు ఒంట్లో సత్తవ లేదు గదా,” అన్నాడు ఈశ్వరప్ప.

బయ్యమ్మ ఆలోచించింది. తనను కట్టేసింది ఈ వంటే గదా, వంట చెడితే కట్టు తెగుతుందనుకుంది. మరునాడు కావాలనే సంగటిని పచ్చిపచ్చిగా దించింది, పులుసులో ఉప్పు కుమ్మరించింది. తలుపు వెనక నిలబడి, ‘ఇంక నువ్వు పో’ అనే మాట కోసం చెవులు రిక్కించింది.

ఈశ్వరప్ప ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం పక్కకు జరిపాడు. కోప్పడలేదు.

“సూసినావా? సొంతింట్లోనే ఇట్ల సేస్తాండావు. తెలియని ఊర్లో ఇంకొకరికి ఏం నేర్పిస్తావమ్మా? నా మాట విని ఈడనే ఉండు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగా వండితే వదలరు, చెడగొడితే పంపరు. తిట్టి ఉంటే బయ్యమ్మ తిరగబడేదేమో. ఇంత మెత్తగా తలుపు మూసేవాడితో ఎట్లా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. ఆ పూట పొయ్యి ముందు కూర్చుని, పొగ మీద నెపం పెట్టి ఏడ్చింది.

పుష్పమ్మ మాత్రం ఊరుకోలేదు. కుప్పం నుంచి వచ్చి పుంగనూరులో మేనమామ ఇంట్లో ఉంటున్న అమరావతి అనే పడుచును పెరట్లోకి తీసుకొచ్చింది. ఆమెకూ చూపు లేదు. ఈ భారం ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్న మేనమామ, బడి తెరవగానే మదనపల్లెకు పంపేస్తానన్నాడు. మళ్ళకు నీళ్ళు పోసే మనిషి ఊరికే దొరికిందని గౌరమ్మ కూడా సరేనంది. అమరావతి చేతుల మీద తన చేతులు వేసి బయ్యమ్మ తెడ్డు తిప్పించింది, సద్దు వినిపించింది, తడి చేత్తో తాకించింది.

ఉండలు లేకుండా మొదటి సంగటి దిగిన రోజు అమరావతి సంతోషం పట్టలేక లేచి నిలబడింది. “మా అత్తకు తీసకపోయి సూపిస్తానక్కా.”

బయ్యమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. గౌరమ్మ అలికిడి దగ్గరలో లేదని చెవులతోనే తేల్చుకుని, గొంతు తగ్గించింది.

“వద్దమ్మా. ఈడనే కూసోని తినేయ్. నీకు వంటొచ్చని ఇంట్లో తెలియనీకు. మదనపల్లె బస్సెక్కినాక సెప్పు.”