తిరుమల్ కాక ఈ వారం ఏం వింటున్నాడు

తిరుమల్ కాకకు ఉన్నది ఒకటే జబ్బు. తాను విన్న సంగీతాన్ని ఎవరికీ వినిపించడు, చెబుతాడు.

ఇబ్రహీంపట్నంలో భూములకు రెక్కలొచ్చిన రోజులవి. రోడ్డు మీద ఇద్దరు ఎదురుపడితే "ఎకరం ఎంత నడుస్తుంది?" అన్నదే పలకరింపు. తిరుమల్ ఎదురుపడితే మాత్రం, "నేను ఈ వారం ఏం ఇంటున్ననో ఎరికేనా?" అనేవాడు. ఎరిక లేదంటే చెప్పేవాడు. ఎరికే అని తప్పించుకోబోతే, "ఎట్ల ఎరిక? నేనింక చెప్పనేలేదు గద!" అని చెప్పేవాడు.

వైశాలికి ఆయన బాబాయి వరుస, అందుకే కాక. అసలు ఎదురింటాయన, ఆమె తండ్రి రాంచంద్రకు చిన్ననాటి దోస్తు. కరెంటు లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగి రిటైరయ్యాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం కోఠీకి పోయి, ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు ఏరుకొచ్చేవాడు. సితారైనా, సన్నాయైనా, గాత్రమైనా ఒకటే. రాగాల పేర్లు తెలియవు, విద్వాంసుల పేర్లు గుర్తుండవు. "గా బట్టతలాయన", "గా ముక్కుతోని పాడేటామె" అని ఆనవాళ్లు. ఒక క్యాసెట్టు పట్టుకుంటే వారమంతా తలుపేసుకుని ఒక్కడే వింటాడు. విన్నదంతా ఊరికి పంచుతాడు.

"గింతసేపు చెప్పే బదులు ఒక్కపారి పెట్టరాదు కాకా, మేమే ఇంటం" అని వైశాలి చాలాసార్లు అడిగింది.

"పెడితే నీకు నచ్చకపోవచ్చు బిడ్డా. చెప్తే నచ్చుతది."

"చెప్పినా నచ్చకుంటే?"

"నచ్చేదాన్క చెప్త."

వైశాలి హయత్‌నగర్‌లో టీచరు. పొద్దున ఎనిమిదింటి బస్సులో పోయేది. తిరుమల్ కూడా అదే బస్సెక్కేవాడు. హయత్‌నగర్‌లో ఆయనకు పనేమీ లేదు. నలభై మంది లేచిపోకుండా కూర్చునే చోటు ఊళ్లో ఇంకోటి లేదు, అదీ పని.

"బట్టతలాయన ఉన్నడు గద," అని ఒకరోజు మొదలుపెట్టాడు, "ఇరవై నిమిషాలు గుమ్మం కాడనే నిలవడ్డడు. చెప్పులిడుస్తడు, మల్ల తొడుక్కుంటడు. ఇగ లోపలికొస్తడు అనుకుంటే, మల్ల వాకిట్లకు పోయి ఆకాశం చూస్తడు."

కూరగాయల గంపతో కూర్చున్న సత్తమ్మ తట్టుకోలేకపోయింది. "ఎవలింటికొచ్చిండే?"

"ఎవలింటికి గాదు, పాట లోపలికి. ఇంక పాట షురూ చేయలే. రాగం తీస్తున్నడు."

"ఏదైతేంది? గంత పెద్దమనిషిని ఇరవై నిమిషాలు బయట నిలవెడ్తరా? రా అయ్యా, కూసో అయ్యా అనేటోడు ఒక్కడు లేడా ఆ ఇంట్ల?"

సగం బస్సు సత్తమ్మ పక్షాన చేరింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, ఆ ఇంటివాళ్లది తప్పే అన్నాడు. ఒకాయన మాత్రం కోహెడ దగ్గర దిగిపోయి, మిగిలిన దారి ఎండలో నడిచాడు. హయత్‌నగర్ చేరేసరికి చొక్కా పిండుకునేటట్టుంది కానీ ముఖం ప్రశాంతంగా ఉంది.

తిరుమల్‌కు చెరువు కింద నాలుగెకరాల భూమి ఉండేది. దాన్ని ఎలాగైనా అమ్మించాలని బాలరాజ్ అనే బ్రోకరు మూడు రోజులు తిరిగాడు. ధర మాట ఎత్తినప్పుడల్లా తిరుమల్ ఒక వీణ క్యాసెట్టు సంగతి ఎత్తేవాడు. "ఒక్కో తీగ గుంజుతుంటే, లోతు బాయిల నీళ్లు చేదుతున్నట్టుంటది బాలరాజూ. బొక్కెన గోడకు తాకుతది సూడు, గక్కడ ఏడుపొస్తది." మూడో రోజు సాయంత్రం హోటల్లో ఎవరో బాలరాజ్‌ను ఆదిభట్లలో గజం ఎంతుందని అడిగారు. "ఇంక బొక్కెన పైకి రాలే" అన్నాడు బాలరాజ్. తన నోటి మాటకు తానే జడుసుకుని, మళ్లీ ఆ ఇంటి ఛాయలకు పోలేదు.

నాదర్‌గుల్‌లో విమానాలు నడపడం నేర్పుతారు. ఆ చిన్న విమానాలు అప్పుడప్పుడు ఊరి మీదుగా గుయ్యిమంటూ పోతాయి. ఆ రొద తంబూరకు తంబూరే అనీ, కాకపోతే శ్రుతి అర పిసరు తక్కువనీ తిరుమల్ కనిపెట్టాడు. స్వయంగా నాదర్‌గుల్ పోయి, జర శ్రుతి పెంచి నడపాలని గేటు దగ్గరి వాచ్‌మన్‌కు దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టి తీసుకున్నాడట.

ఇదంతా నవ్వుకోవడానికి బాగుండేది. చావింటికి పోయి కూడా అదే పని చేయడమే ఎవరికీ మింగుడుపడేది కాదు. నారయ్య తల్లి పోయినప్పుడు అందరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటే, తిరుమల్ పోయి నారయ్య పక్కన చతికిలబడి, సంతూరు వాయిద్యం వింటే రేకుల ఇంటి మీద వాన ఎలా మొదలైనట్టుంటుందో గంటసేపు చెప్పాడు. "సిగ్గులేని మనిషి. ఎట్ల పోయిందని ఒక్క మాట అడగలే" అని ఊరు ఊరంతా చెప్పుకుంది.

అందుకే రాంచంద్ర గుండెపోటుతో పోయిన రోజున, వైశాలి తమ్ముడు ధర్మేందర్ అన్నిటికంటే ముందు ఒక కట్టడి చేశాడు. "కాకా, నువ్వు గేటు కాడ కుర్చీలు సూసుకో. లోపలికొచ్చి అవ్వ ముంగట నోరు తెరిస్తే బాగుండది." తిరుమల్ తలూపి గేటు దగ్గర నిలబడ్డాడు. మూడు రోజులు కుర్చీలు వేశాడు, తీశాడు. దోస్తు కోసం ఏడ్చిందీ అక్కడే, కుర్చీల చాటున.

లోపల వైశాలి తల్లి సుగుణమ్మ పని ఇంకో రకంగా ఉంది. వచ్చిన ప్రతి మనిషీ మెడ మీద పడి, "ఎట్లాయె సుగుణా, మంచిగనే ఉండె గద!" అని అడగాలి. ఆమె చెప్పాలి. "పొద్దుగాల మంచిగనే లేచిండు. చాయ తాగిండు. బర్రెకు గడ్డేసొచ్చిండు. ఛాతిల మంటగున్నదని ఒరిగిండు..." అక్కడికి వచ్చేసరికి ఇంకో జట్టు ఆటో దిగేది. వాళ్ల కోసం మళ్లీ పొద్దుగాల లేవడం నుంచి. మూడు రోజుల్లో రాంచంద్ర ఎన్నిసార్లు చాయ తాగాడో ఆయనకే తెలియాలి.

మూడో రోజు రాధమ్మ వచ్చింది, సుగుణమ్మకు పెద్దమ్మ బిడ్డ. అంతా విని, కళ్లు తుడుచుకుని, "చాయల చక్కెర ఏసినవా ఏంది? ఆయనకు షుగరుండె గద" అంది.

అప్పటినుంచి సుగుణమ్మ మెతుకు ముట్టలేదు. చక్కెర వేసిందో లేదో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తుకు రాలేదు. నాలుగో రోజు పొద్దున డాక్టరు వచ్చి బీపీ చూసి, సాయంత్రంలోపు తినకపోతే దవాఖానలో చేర్పించాల్సిందేనన్నాడు. వైశాలి పప్పన్నం కలుపుకుని నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లూ కంచం అలాగే వెనక్కి తెచ్చింది.

మధ్యాహ్నం ధర్మేందర్ అస్థులు కలపడానికి పోయాడు. గేటు దగ్గర చూపు తప్పగానే తిరుమల్ లోపలికొచ్చాడు. వైశాలి కంచం పట్టుకుని అడ్డంపోయేలోపు, సుగుణమ్మ ముందర నేల మీద కూర్చోనే కూర్చున్నాడు.

"వదినె, నేను ఈ వారం ఏం ఇంటున్ననో ఎరికేనా?"

రాధమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"పాత కచేరి. ఎవలో ముంగట కూసొని టేపు చేసుకున్నరు. పాడేటామె మస్తు గొప్పామె. ఆమె సంగతి తర్వాత. మూడో వరుసల ఒకాయన దగ్గుతున్నడు."

"మూడో వరుస అని నీకెట్ల ఎరిక?" అంది రాధమ్మ మండిపడుతూ.

"రెండో వరుసైతే ఇంక గట్టిగ ఇనొస్తది. నాలుగోదైతే ఇనరాదు." మళ్లీ సుగుణమ్మ వైపు తిరిగాడు. "ఆమె పైకి పోతున్నది వదినె, పోతున్నది. సరిగ్గ శిఖరం అందుకుంటది అనంగ, ఖళ్! ఆమె ఆగింది. కోపం జేయలే. మల్ల కిందికెల్లి షురూ చేసింది. ఆయన తువ్వాల నోట్లె కుక్కుకున్నట్టున్నడు పాపం, జరసేపు సప్పుడు లేదు. ఆమె మల్ల పైకెక్కింది. ఇగ అందింది అనంగ, ఖళ్ ఖళ్! నిన్న మల్ల పెట్టి ఇన్న. నిన్న గూడ గక్కడ్నే దగ్గిండు."

వైశాలికి ఒళ్లు మండిపోయింది. "టేపు గద కాకా! ఎన్నిసార్లు పెట్టినా గక్కడ్నే దగ్గుతడు."

"అట్లెట్ల అంటవ్ బిడ్డా? మొన్నటి మీద నిన్న జర నయం."

అప్పుడు, చెప్పి చెప్పి బొంగురుపోయిన గొంతుతో సుగుణమ్మ అడిగింది. "మందేమన్న తాగిండా?"

"గదే సమజైతలేదు వదినె."

"పక్కన పెండ్లాం లేదా?"

"ఉన్నట్టే ఉంది. రెండోపారి దగ్గినప్పుడు గాజుల సప్పుడైంది."

"వీపు రాసినట్టుంది."

"రాసింది."

"వీపు రాస్తే తగ్గుతదా? శొంఠి, మిరియాలు కషాయం కాసి పొయ్యాలె. గది ఇడిసిపెట్టి కచేరికి తోలుకొస్తదా మొగణ్ని?" అంది సుగుణమ్మ. వైశాలి కంచం ఆమె ఒళ్లోకి జరిపింది. సుగుణమ్మ చెయ్యి దానంతటదే ముద్ద కలిపింది. "మరి ఆమె? పాడేటామె ఏమన్నది?"

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. నలుగురు ఆడవాళ్లు "ఎట్లాయె సుగుణా!" అని చేతులు చాచుకుంటూ లోపలికొచ్చారు. సుగుణమ్మ ముద్ద చేత్తోనే ఆగమని సైగ చేసింది.

"జర ఆగుండ్రి. ఆయన దగ్గుతున్నడు."

వాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి, దగ్గుతున్నదెవరని వెతుక్కున్నారు. ఈలోపు సుగుణమ్మ ఏడు ముద్దలు తిన్నది. వైశాలి ఒక్కొక్కటీ చూసింది.

బయటికొచ్చాక గేటు దగ్గర కాకను పట్టుకుంది, తిట్టాలో మొక్కాలో తెలియక. "ఎట్లాయె అని ఒక్క మాట అడగలే నువ్వు" అంది.

"అడిగేటోళ్లు మస్తుమంది ఉన్నరు గద బిడ్డా. నేనొక్కణ్ని అడగకుంటే ఏమైతది?" అని కుర్చీలు సర్దుతూ అన్నాడు. "మీ చిన్నమ్మ, నా పెండ్లాం ప్రేమమ్మ పోయినప్పుడు నేను గూడ చెప్పిన, వచ్చినోళ్లందరికి. చెప్పి చెప్పి, ఆఖరికి నాకే అబద్ధం లెక్క అనిపించింది." అంతలోనే ముఖం వెలిగింది. "గాజులు గూడ మామూలుయి గావు బిడ్డా, మట్టిగాజులు."

పదకొండో రోజు దాకా భోజనం వేళకు ఆ దగ్గు కబురు వచ్చింది. ఒకరోజు తగ్గుముఖం పట్టింది, ఒకరోజు తిరగబెట్టింది. సుగుణమ్మ వేడినీళ్లు పుక్కిలించమంది, పెరుగు మానమంది. ధర్మేందర్ మొదట మండిపడ్డాడు కానీ, తల్లి కంచం ఖాళీ కావడం చూసి నోరు మూసుకున్నాడు. ఆరో రోజుకు, తమలపాకు రసం పట్టించమని తనూ ఒక సలహా ఇచ్చాడు.

పన్నెండో రోజు సుగుణమ్మ కొత్త పేచీ పెట్టింది. "మరిదీ, ఆ టేపు తే. ఆయన దగ్గు నేనే ఇంట."

తిరుమల్ తెల్లబోయాడు. టేపు చిక్కుపడ్డదన్నాడు. ఆమె పెన్సిలిచ్చింది, చుట్టుకో అని. మిషను ఖరాబైందన్నాడు. మా ఇంట్లో ఉందంది. లైన్ల పనుంది, కరెంటు లేదన్నాడు, గిర్రున తిరుగుతున్న ఫ్యాను కింద నిలబడి.

చివరికి క్యాసెట్టు తెచ్చాడు, మెడకు తువ్వాల చుట్టుకుని. సుగుణమ్మ టేపురికార్డరు ముందు కూర్చుంది. ఆయన ఆమె వెనక తలుపు పక్కన నక్కాడు. గాత్రం మొదలైంది. పాడే ఆమె ఎక్కుతోంది, ఎక్కుతోంది, శిఖరం దగ్గరికి వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వైశాలి టేపునే చూస్తోంది. టేపులో పాట తప్ప ఏమీ లేదు. దగ్గు తలుపు పక్క నుంచి వచ్చింది.

వైశాలి కాక వైపు చూసింది. కాక పైకప్పు వైపు చూశాడు.

"ఏంది మరిదీ?" అంది సుగుణమ్మ వెనక్కి తిరక్కుండానే. "నువ్వు దగ్గుతుంటే ఆయన దగ్గు ఇనొస్తలేదు. నా ముంగటికొచ్చి కూసో."

తిరుమల్ ముందుకొచ్చి, ఆమెకు ఎదురుగా, దొరికిన దొంగలా కూర్చున్నాడు. పాట మళ్లీ కింది నుంచి మొదలైంది. సుగుణమ్మ చెవి టేపుకు ఆనించింది. పాట పైకెక్కుతున్న కొద్దీ తిరుమల్ ముఖాన చెమట పట్టింది. ఇక శిఖరం ఒక్క మెట్టు దూరంలో ఉంది.

వైశాలి వంటింట్లోకి పోయి, తలుపు చాటున నిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఒకసారి. సరిపోదనిపించి ఇంకోసారి.

సుగుణమ్మ తృప్తిగా తలూపింది.

"అగో, దగ్గిండు" అంది. "కషాయం పనిజేస్తున్నట్టుంది మరిదీ. గొంతు జర సన్నవడ్డది."